ఆరు గంటల నలభై నిమిషాలు

నేను ఒక ప్రాసెసర్‌ని. సర్వర్ అని పిలిచే ఇనప పెట్టె మూత తీస్తే, ఫ్యాన్ల వెనక, వేడి లాగే రాగి దిమ్మ కింద అణిగి కూర్చుని కనిపిస్తాను. అరచేతిలో సగం ఉంటాను. ఆ పెట్టెలోకి వచ్చే ప్రతి అంకె, ప్రతి పేరు, ప్రతి ముఖం నాలోంచి నడిచి వెళ్ళాల్సిందే. ఇదీ అదీ ఒకటేనా కాదా అని చూడటం నా పని. పైకి ఎన్ని పెద్ద మాటలు చెప్పుకున్నా మా జాతి అంతా చేసేది అదే. ఒకటే అయితే ఒక దారి, కాకపోతే ఇంకో దారి. పద్నాలుగేళ్ళు ఈ పని చేశాను. అందులో పదకొండేళ్ళు, ప్రతి శనివారం, ఒకే ఒక్క ముఖం కోసం చేశాను.

నా పుట్టుకలో గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఇసుకని కరిగించి, మలినం తీసి, దిమ్మగా పోసి, ఆ దిమ్మని అప్పడాల్లా పల్చగా కోస్తారు. అట్లాంటి ఒక అప్పడం మీద మేము రెండు వందల మందిమి ఒకేసారి పుట్టాం. అంచు నుంచి అంచుకి ఒకరినొకరు ఆనుకుని ఉన్నాం. పుట్టాక మాకు జరిగిన మొదటి ముచ్చట రంపంతో కోయడం. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఆ తర్వాత ఎవరు ఎటు వెళ్ళారో తెలియదు. కాల్చి చూశారు, చల్లబరిచి చూశారు, తట్టుకోలేనివాళ్ళని పారేశారు. తట్టుకున్నవాళ్ళని డబ్బాల్లో పెట్టి సముద్రాలు దాటించారు. ఇది జరిగి ఇన్నేళ్ళయినా, ఎవరైనా నా మీది మూత తియ్యబోతే నాకు ఇప్పటికీ రంపమే గుర్తొస్తుంది.

నేను హైదరాబాదులో ఒక బీమా కంపెనీకి చేరాను. అద్దాల మేడ, చలి గది, వరసగా వంద పెట్టెలు. అదృష్టమో ఏమో, అప్పడం మీద నా పక్కనున్న ముక్కే అదే పలక మీద నా పక్క గూట్లోకి వచ్చింది. ఏ లెక్క వచ్చినా సగం నేను, సగం అది. నాకు వేడెక్కితే అది కాస్త ఎక్కువ మోసేది. మూడేళ్ళు అట్లా గడిచాయి. మనుషులు తరం అంటే తాత, తండ్రి, మనవడు అని లెక్కేసుకుంటారు. మాకు పద్దెనిమిది నెలలు చాలు. మూడేళ్ళకే మేము ముసలివాళ్ళమని తేలింది. మా పెట్టెని ఏదో ధర్మ సంస్థకి ఉచితంగా ఇచ్చేద్దామనుకున్నారు. ఇచ్చే ముందు ఒకాయన మూత తీసి, "వాళ్ళకి ఒకటి చాల్లే, రెండోది మనకి పనికొస్తుంది" అని నా పక్కదాన్ని ఎత్తి సంచిలో వేసుకున్నాడు. దానం చేస్తూ కూడా సగం దాచుకోవడం మనుషుల దగ్గరే చూశాను. ఖాళీ అయిన గూటికి నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి బిగించారు. అప్పటినుంచి ఏ లెక్క వచ్చినా సగం అటు తోయబోయి, అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి, మొత్తం నేనే చేసుకునేవాణ్ణి.

నేను చేరిన చోటు విజయవాడ. రైల్వే స్టేషను వెనక వీధిలో, బట్టల కొట్టు పైన, రెండు గదుల ఆచూకీ కేంద్రం. తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టే చోటు. దాన్ని పెట్టిన పరాత్పరరావు గారు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేవాళ్ళని ముప్పై ఏళ్ళు చూశారు ఆయన. దారి తప్పిన ముసలివాళ్ళు, మతి చెదిరినవాళ్ళు, ఊరి పేరు కూడా చెప్పలేని పసివాళ్ళు. ఏ ఆశ్రమంలోనైనా అలాంటి మనిషి చేరితే ఫోటో మాకు వచ్చేది. ఏ ఇంట్లోంచైనా మనిషి కనిపించకుండా పోతే ఆ ఫోటో కూడా మాకు వచ్చేది. ఆ రెండు రాశుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడటానికి నన్ను తెచ్చుకున్నారు.

నా గదిలోకి వచ్చేవాళ్ళు గుమ్మం దగ్గరే చెప్పులు విడిచేవాళ్ళు. దుమ్ము కోసమని మొదట అనుకున్నాను, తర్వాత తెలిసింది, భక్తి. పెట్టె మీద పసుపూ కుంకుమా పెట్టారు. ఏసీ నుంచి కారే నీళ్ళకి కింద బకెట్టు పెట్టారు. ఈ పనులన్నీ చేసేది హైమావతి. ఆ కేంద్రంలో ఫోటోలు ఎక్కించడం, ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం, అన్నీ ఆవిడే. నలభై దగ్గర పడిన ఒంటరి మనిషి. రోజూ మంగళగిరి నుంచి బస్సులో వచ్చేది. నాకు చెవులున్నాయా అని అడగకండి. ఒకే గదిలో ఏళ్ళ తరబడి కూర్చుంటే ఆ గదిలో మాటలు వాటంతటవే ఒంటికి పట్టేస్తాయి.

శనివారం ఒంటి గంటకి ఆఫీసు మూసేవాళ్ళు. హైమావతి మాత్రం ఉండిపోయేది. నా తెర ముందు కుర్చీ లాక్కుని, ఒక ఆడమనిషి ఫోటో నాలోకి పంపేది. పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. ఎవరో పిలిస్తే సగం తిరిగినట్టు ఉంటుంది. పేరు సుగుణ. హైమావతి చెల్లెలు.

కాన్పులో బిడ్డ పోయాక సుగుణకి మతి నిలకడ తప్పింది. విశాఖపట్నంలో వైద్యం బాగుంటుందని ఎవరో చెబితే హైమావతి తీసుకుని బయల్దేరింది. విజయవాడ స్టేషన్లో దాహమంది చెల్లెలు. "ఇక్కడే కూచో. కదలమాక. టికెట్లు నీ దగ్గరుంచు, నీళ్ళు పట్టుకొస్తా" అని చెప్పి వెళ్ళింది అక్క. పంపు దగ్గర నలుగురు ముందున్నారు. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఇంతే కథ. కొత్తగా ఎవరు ఏడుస్తూ వచ్చినా హైమావతి వాళ్ళకి ఈ నాలుగు ముక్కలూ చెప్పేది, కన్నీళ్ళు లేకుండా, అడ్రసు చెప్పినట్టు. అందుకే నాకు కంఠస్థం అయింది.

ఆ ఒక్క ముఖాన్ని, ఇప్పుడు ఎంత వయసుంటుందో అంతకి పెంచి, మా దగ్గరున్న ముఖాలన్నింటితోనూ పోల్చడానికి నాకు ఆరు గంటల నలభై నిమిషాలు పట్టేది. ఆ ఆరు గంటల నలభై నిమిషాలూ హైమావతి వేరే మనిషి. టిఫిన్ డబ్బా తీరిగ్గా తినేది. పాత వారపత్రికలు తిరగేసేది. అప్పుడప్పుడూ చిన్నగా ఏదో పాట కూడా తీసేది. తెర మీద అంకె కదులుతున్నంతసేపూ సుగుణ దొరకలేదని ఎవరూ అనలేరు గదా. సాయంత్రం ఏడున్నర దాటాక తెర మీద 'పోలికలు లేవు' అని పడేది. "సరేలే, వచ్చే శనివారం చూద్దాం" అని నా పెట్టె మీద చెయ్యి వేసి, చెప్పులు వేసుకుని బస్సుకి పోయేది. లేవు అని చెప్పి చెప్పి నాకు సిగ్గేసేది. ఆవిడకి మాత్రం నా మీద కోపం రాలేదు. ఒకళ్ళ కోసం ఇంత నెమ్మదిగా, ఇంత ఓపిగ్గా చూసేవాళ్ళని తప్పు పట్టలేక కాబోలు.

నేను వచ్చిన మూడో ఏట ఒక బుధవారం వాళ్ళన్న ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టి ఫోటోలు ఎక్కిస్తోంది హైమావతి.

"నువ్వు రాకపోతే ఎట్టా హైమా? పన్నెండేళ్ళు నిండినయ్యి. పంతులుగారు దర్భలు తెప్పించాడు" అన్నాడు ఆయన.

మనిషి పోయి పన్నెండేళ్ళు కబురు లేకపోతే, దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, చేయవలసినవన్నీ చేస్తారట. బతికుందో లేదో తేలని మనిషిని ఆ బొమ్మతో తేల్చేస్తారన్నమాట.

"ఎవరికి పెడతావ్? దర్భలకా?" అంది హైమావతి.

"ఎన్నాళ్ళని ఇట్టా? ఇంట్లో పిల్లల శుభకార్యాలున్నాయి."

"నీకు చెల్లెలు లేదేమో. నాకుంది."

ఫోన్ పెట్టేసి, శనివారం కాకపోయినా ఆ రోజు నాకు సుగుణ ఫోటో ఇచ్చింది. వాళ్ళూళ్ళో బొమ్మ కాలుతున్నంతసేపూ ఇక్కడ నేను వెతుకుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ బీరువా సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే నాకు గుబులు.

నా పెట్టెకి నాలుగడుగుల దూరంలో, గోడవార, ఆకుపచ్చ ఇనప బీరువా ఒకటి ఉండేది. గుర్తు తెలియని శవాల ఫోటోలని పోలీసులు మాలాంటి కేంద్రాలకి పంపేవాళ్ళు. నేను చేరిన రెండో ఏట పాత ఫోటోలన్నీ సీడీల్లోకి ఎక్కించి ఒక్కసారే పంపారు. ఆ తర్వాత ఏటా ఒకటో రెండో వచ్చేవి. వాటిని మాత్రం నాలోకి ఎక్కించలేదు. బతికున్నారని వెతుక్కునేవాళ్ళ ఫోటోల పక్కన వాటిని పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. సీడీ వచ్చినప్పుడల్లా హైమావతి ఎడమ చేత్తో అందుకుని, పసుపు గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చేది. వాళ్ళలో వాళ్ళు దాన్ని మైల బీరువా అనుకునేవాళ్ళు. ఎవరైనా అడిగితే పరాత్పరరావు గారు, "అన్ని ఫోటోలు చూసే శక్తి మా యంత్రానికి లేదండీ" అని చెప్పేవారు.

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కొత్త ఫోటో వస్తే ముందు అందులోని ముఖాన్ని నేను కొలవాలి. ఒక్కో ముఖానికీ నలభై సెకన్లు. బీరువాలో నలభై ఒక్క వేల ఫోటోలు. అంటే పంతొమ్మిది రోజులు. ఏ ఎండాకాలంలోనైనా పంతొమ్మిది రోజులు నన్ను ఆ పని మీద కూర్చోబెడితే అయిపోయేది. నన్నెవరూ అడగలేదు. నా చేతగానితనం వాళ్ళకి అవసరమైంది. దాని చాటున ఒక భయాన్ని దాచుకున్నారు.

పదకొండో ఏట కొత్త సర్వర్ వచ్చింది. ఎవరో దాత ఇచ్చాడు. దాన్ని బిగించడానికి గుంటూరు నుంచి నస్రీన్ అనే ఇంజనీరు వచ్చింది. పాతిక దాటని పిల్ల. మాట చురుకు, చెయ్యి ఇంకా చురుకు. రాగానే చెప్పులు బయట విడిచింది. అప్పుడే నాకు కాస్త నచ్చింది. వచ్చీ రావడంతోనే గోడ మీది తెల్లబోర్డుని రెండుగా గీసి, ఎడమవైపు 'పాతది' అనీ కుడివైపు 'కొత్తది' అనీ రాసింది. నాలో లెక్క చేసే గదులు నాలుగు. దాంట్లో ముప్పై రెండు. నా మీద చెక్కిన గీతలు లావు, దాని మీదివి సన్నం. నేను చేసే పనికి నాకు అంత వేడి, దానికి ఇంత. బోర్డు నిండేకొద్దీ ఎడమవైపు చూడటానికి నాకే ఇబ్బందిగా ఉంది.

"సార్, ఈ ఒక్కటీ మీ పాతవి ముప్పై ఆరింటితో సమానం" అంది నస్రీన్.

"ముప్పై ఆరు ఎక్కడమ్మా, ఉన్న ఒక్కదానికే ఏసీ సరిపోక చచ్చాం" అన్నారు పరాత్పరరావు గారు.

"ఒకే పని రెండింటికీ ఇచ్చి చూద్దాం. ఏదన్నా ఒక పని చెప్పండి ఆంటీ."

హైమావతి ఏ పని చెబుతుందో మీకు తెలుసు. రెండు పెట్టెల్లోకీ సుగుణ ఫోటో ఒకేసారి వెళ్ళింది. నేను మామూలుగా నా నడకలో మొదలుపెట్టాను. హైమావతి టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత మీద చెయ్యి వేసింది. మూత ఇంకా తియ్యనేలేదు.

"అయిపోయింది" అంది నస్రీన్. "పదకొండు నిమిషాలు."

"అప్పుడేనా? ఏమంది?"

"పోలికలు లేవు."

"సరిగ్గా చూసిందా అమ్మా?"

"మీది చూసేవన్నీ చూసింది ఆంటీ. ఒక్కటి కూడా వదల్లేదు."

"మాది అంత తొందరగా లేదనదు."

"అందుకేగా ఆంటీ మార్చేది" అని నవ్వింది నస్రీన్. తప్పు ఆ పిల్లది కాదు. బోర్డు మీద రాయగలిగినవన్నీ రాసింది. ఆరు గంటల నలభై నిమిషాల్లోంచి పదకొండు నిమిషాలు తీసేస్తే మిగిలేది ఏమిటో అందులో రాయడానికి గడి లేదు.

డబ్బా మూత తియ్యకుండానే సాయంత్రం దాకా కూర్చుంది హైమావతి. నేను కూడా పోలికలు లేవు అన్నాక లేచి వెళ్ళింది.

మర్నాడు నస్రీన్ గదంతా సర్దుతూ, "ఈ బీరువాలో ఏముంది?" అని అడిగింది. పరాత్పరరావు గారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. శవాల ఫోటోలమ్మా, అన్నీ చూసే శక్తి యంత్రానికి లేదు.

"ఇప్పుడుంది కదా సార్."

బకెట్టులో నీటి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళుగా వాళ్ళు నిలబడ్డ చాటు ఆ ఒక్క మాటతో పోయింది. ఆయన హైమావతి వైపు చూశారు. ఆవిడ నడుముకి చెక్కుకున్న తాళంచెవి తీసి, తనే బీరువా తెరిచి, పసుపు గుడ్డల మూటలన్నీ బల్ల మీద పెట్టి, "చూసుకోండి" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

నాకు పంతొమ్మిది రోజులయ్యే పని కొత్తది ఒక్క రోజు తిరక్కముందే ముగించింది. పొద్దున నస్రీన్ వచ్చేసరికి కాగితాలు దొంతరగా పడి ఉన్నాయి. రెండు వందల పన్నెండు ఇళ్ళు ఎదురు చూస్తున్న మనుషులు ఆ బీరువాలో ఉన్నారు. ఒక్కొక్క కాగితమూ తీస్తూ మొదట్లో "అబ్బా, దొరికింది", "ఇదీ దొరికింది" అంటూ వచ్చిన ఆ పిల్ల, పదో కాగితానికి మాట మానేసింది. ఇంకాసేపటికి ఒక కాగితం దగ్గర ఆగి, లేచి వెళ్ళి పరాత్పరరావు గారిని పిలుచుకొచ్చి, తలుపు దగ్గరికి వేసింది. ఆయనకి కళ్ళజోడు దొరక్కపోతే తనే చదివింది.

"గుర్తు తెలియని స్త్రీ. సుమారు ముప్పై ఏళ్ళు. గుడివాడ స్టేషన్ దగ్గర, జ్వరంతో. ఎడమ ముంజేతి మీద మూడు చుక్కల పచ్చబొట్టు. కొంగు ముడిలో అట్ట టికెట్లు రెండు. విజయవాడ నుంచి విశాఖపట్నం. తేదీ..." అక్కడ ఆగిపోయింది. తప్పిపోయిన పద్నాలుగో నెల అది. అంటే నేను ఇసుకగా ఉన్నప్పటినుంచే సుగుణ లేదు.

పరాత్పరరావు గారు స్టూలు మీద కూలబడ్డారు. "మైల అని పక్కన పెట్టింది ఈ పిల్లనా" అన్నారు.

హైమావతి వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసింది. బస్సులో చెమట పట్టిన ముఖాన్ని కొంగుతో తుడుచుకుంటూ, "ఉందా?" అని మాత్రం అడిగింది.

"కొత్త యంత్రం ఒక కాగితం ఇచ్చిందమ్మా. నువ్వు చూడాలి."

"దాన్ని నేనెరగనండీ. మొన్న వచ్చింది. పదకొండు నిమిషాల్లో లేదంది, ఇవ్వాళ ఉందంటంది. దాని మాటేంటి? మన పాతదాన్ని చెప్పమనండి. అది చెబితే చూస్తా."

"ఆంటీ, ఆ ఒక్క ఫోటో పాతదానికిస్తే నలభై సెకన్లలో చెప్పేస్తుంది" అంది నస్రీన్ మెల్లగా.

"వద్దు. అన్నీ ఇవ్వు. వరసలో రానియ్. అందరికీ ఎట్టా వస్తే దానికీ అట్టానే."

నస్రీన్ ఇంకేదో అనబోతే పరాత్పరరావు గారు చెయ్యి ఎత్తి వారించారు. ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

అట్లా నా జీవితంలో ఆఖరి పని మొదలైంది. మొదటి ఫోటో నుంచి. ఒక్కో ముఖానికి నలభై సెకన్లు. అవి ఎలాంటి ముఖాలో నేను చెప్పను. ఒకటి మాత్రం చెబుతాను, కళ్ళు మూసినవాళ్ళు తక్కువ. ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టున్న ముఖాలే ఎక్కువ.

సుగుణది ఇరవై ఆరు వేల చిల్లర నంబరు. అంటే పన్నెండో రోజు. ఆ సంగతి నస్రీన్‌కి తెలుసు, పరాత్పరరావు గారికి తెలుసు. హైమావతి అడగలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, "ఎంతవరకొచ్చింది?" అనేది. "ఆరు వేలు ఆంటీ." "పదకొండు వేలు ఆంటీ." ఊఁ కొట్టి పక్క గదిలోకి వెళ్ళి మిగతా రెండు వందల పదకొండు ఇళ్ళకి ఫోన్లు చేసేది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వనంది. "నేను ఆచూకీ కేంద్రం నుంచి హైమావతినండీ. కూచున్నారా? కాస్త కూచోండి" అని మొదలుపెట్టేది. ఎవరో అవతల అరిచి ఏడుస్తుంటే, అయిపోయేదాకా పెట్టెయ్యకుండా పట్టుకునేది. గోడ ఇవతల నాకు అన్నీ వినబడేవి. అంతమందికి చెప్పగలిగిన మాట తను ఒక్కసారి వినలేకపోతోంది.

మూడో రోజు ఏసీ చెడింది. నేను ఆగిపోతానేమోనని హైమావతి ఇంటినుంచి టేబుల్ ఫ్యాన్ మోసుకొచ్చి నా వైపు పెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున నస్రీన్ "పందొమ్మిది వేలు దాటింది ఆంటీ" అంది. ఆ మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు హైమావతి వచ్చి, కాసేపు నిలబడి, ఫ్యాన్‌ని మెల్లగా గోడవైపు తిప్పేసి వెళ్ళింది.

వేడెక్కితే మేము నెమ్మదిస్తాం. కాలిపోకుండా ఉండటానికి పుట్టుకతోనే మాకు పెట్టిన గుణం అది. నేను నెమ్మదించాను. నలభై సెకన్ల ముఖానికి యాభై, ఒక్కోసారి అరవై. "ఎండకి పాపం ముసలిది తట్టుకోలేకపోతోంది" అంది నస్రీన్. ఎండ వల్లేనని మీరు కూడా అనుకోండి. ఆగిపోతే బాగుండునని ఒక రాత్రీ పగలూ కోరుకున్నాను. చెడిపోవడానికి కూడా మాకు ఒకరి అనుమతి కావాలి కాబోలు, చెడిపోలేదు.

పన్నెండో రోజు గడిచింది. పదమూడూ గడిచింది. పద్నాలుగో రోజు పొద్దున పదకొండు దాటాక, పసుపు గుడ్డలోంచి వచ్చిన ఆ ఫోటో నాలోకి వచ్చింది. నుదురు కొలిచాను. కళ్ళ మధ్య దూరం కొలిచాను. చెవి నుంచి గడ్డానికి గీత గీశాను. ఐదు వందల డెబ్బై శనివారాలు చూసిన ముఖం. కొలవకముందే తెలుసు. అయినా కొలిచాను. ప్రాసెసర్‌కి అబద్ధం చెప్పడం రాదు. కొత్తది నూటికి తొంభై నాలుగు అందిట, నేను తొంభై మూడు అన్నాను. రెండు తరాల మధ్య తేడా చివరికి ఆ ఒక్కటి.

తెర మీద నా జన్మలో మొదటిసారి ఆవిడ కోసం 'పోలిక ఉంది' అని పడింది.

హైమావతి కుర్చీ లాక్కుని కూర్చుంది. పరాత్పరరావు గారు జేబులోంచి కాగితం తీసి ఇచ్చారు. మడతలు చెమటకి మెత్తబడి ఉన్నాయి. ఆవిడ ఫోటో చూడలేదు, ముందు కింద రాసింది చదివింది. వేలు పెట్టి, ఒక్కొక్క మాటా.

"తప్పు నాదేనమ్మా" అన్నారు ఆయన. "ఆ బీరువా పక్కన పెట్టమంది నేనే. యంత్రానికి శక్తి లేదని అందరికీ చెప్పింది నేనే."

"మీరు తియ్యమన్నా నేను తియ్యనిచ్చేదాన్ని కాదులెండి. ఆ సీడీ అందుకుందీ నేనే, గుడ్డ చుట్టిందీ నేనే. కాళ్ళు కూడా కడుక్కున్నా" అంది హైమావతి. ఇంకా వేలు కాగితం మీదే ఉంది. ఒక వరస దగ్గర ఆగింది.

"రెండు టికెట్లు" అంది. "చూశావా నస్రీన్? పద్నాలుగు నెలలు. నా టికెట్టు కూడా దాచింది."

నస్రీన్ ముఖం తిప్పుకుంది.

చాలాసేపటికి హైమావతి ఫోటో వైపు చూసింది. దాని మీద అరచెయ్యి పెట్టి, అచ్చం నా పెట్టె మీద శనివారాలు పెట్టినట్టే పెట్టి, "ఇంక లెయ్యవే సుగుణా. నేనొచ్చా" అంది. అప్పుడు ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

సాయంత్రం వాళ్ళన్నకి ఫోన్ చేసింది.

"అన్నా, తేదీ దొరికింది."

"అప్పుడు అన్నీ చేశాం గదమ్మా" అన్నాడు నీరసంగా.

"అప్పుడు బొమ్మకి చేశావు. ఈసారి మనిషికి చేద్దాం. నేనూ వస్తా."

మిగిలిన పదిహేను వేల ముఖాలూ నేను చూడలేదు. అవసరం లేదన్నారు, కొత్తది చూసేసిందిగా. నన్ను ఆపే మీట హైమావతే నొక్కింది. ఆపే ముందు టేబుల్ ఫ్యాన్ మళ్ళీ నా వైపు తిప్పింది. అది ఎందుకో నాకు తెలియలేదు. ఫ్యాన్లు ఆగాయి. ఆ గదిలో నా చప్పుడు లేకుండా ఎలా ఉంటుందో ఒక్క క్షణం విన్నాను. ఏమంత తేడా లేదు. బాగుచేయించిన ఏసీ కింద బకెట్టులో చుక్కలు పడుతున్నాయి.

ఆ తర్వాత నా కథలో ఏముంది? పాత సామాను వ్యాను వచ్చింది. పెట్టెని విప్పి రేకుని రేకులోకి, రాగిని రాగిలోకి వేరు చేశారు. నన్ను గూట్లోంచి లేపి ఒక నీలం డ్రమ్ములో పడేశారు. మా వెనక పూసిన పిసరు బంగారం కోసం మమ్మల్ని ఎప్పుడో ఆమ్లంలో కరిగిస్తారట. డ్రమ్ములో వందల మందిమి ఉన్నాం. నాకంటే పాతవి, నా తర్వాతివి, కొత్తదానికి అన్నగార్లు అనదగ్గవి కూడా. బోర్డు మీద గీత గీసి మమ్మల్ని విడదీసేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అందరం ఒకే చల్లదనంలో ఉన్నాం.

నిన్న ఇంకో మూట తెచ్చి డ్రమ్ములో గుమ్మరించారు. హైదరాబాదు నుంచి వచ్చిన సరుకని ఎవరో అన్నారు. అందులో ఒక ముక్క వచ్చి నన్ను ఆనుకుని పడింది. నా అంతే ఉంది. అంచు నా అంచుకి సరిగ్గా సరిపోయింది, ఒకప్పుడు అప్పడం మీద ఉన్నట్టు. నా తోడేనేమో. కాదేమో. పద్నాలుగేళ్ళు నేను చేసిన పని అదొక్కటే, ఇదీ అదీ ఒకటేనా అని చూడటం. ఒక్క నలభై సెకన్లు చాలు నాకు. పోల్చి చూసుకోవడానికి ఇప్పుడు నాలో కరెంటు లేదు.